కబురు మోసినవాళ్లు

2025 నుంచి రిజిస్టర్డ్ పోస్టు విడిగా లేదు. తపాలా శాఖ దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేసింది. పత్రికలో ఒక మూల చిన్నగా వచ్చిన వార్త అది. చదివాక ఆ పూటంతా నాకు వేరే పని మీద మనసు నిలవలేదు. 2013 జులై 14 రాత్రితో టెలిగ్రామ్ సేవ ముగిసినప్పుడూ ఇలాగే అయింది. "వాటి అవసరం ఇప్పుడేముందమ్మా, అన్నీ ఫోనులోనే అయిపోతున్నాయి కదా" అన్నాడు మా అబ్బాయి. వాడన్నది నిజమే. నేను బెంగపెట్టుకున్నది మనుషుల గురించి. ఒకరి మాట ఇంకొకరికి చేరాలంటే మధ్యలో ఇంకెవరో ఉండి తీరవలసిన కాలం మాది. రాసిపెట్టేవాళ్లు, చదివి వినిపించేవాళ్లు, పరుగున వచ్చి పిలిచేవాళ్లు. వాళ్లంతా వరసగా గుర్తుకొచ్చారు.

నా చిన్నతనమంతా నల్లకుంటలో గడిచింది. పాత పెంకుటిల్లు. ముందు భాగంలో ఇంటివాళ్లు, వెనక నాలుగు వాటాలు, అందరికీ ఒకటే నల్లా. మా పిన్ కోడ్ 500044. దేశంలో పిన్ కోడ్ మొదలైంది 1972 ఆగస్టు 15న. అందులోని చివరి మూడు అంకెలు ఉత్తరాన్ని బట్వాడా చేసే పోస్టాఫీసు దాకా తీసుకొస్తాయి. అక్కడి నుంచి గడప దాకా దారి పోస్టుమాన్‌కే తెలియాలి. హైదరాబాదు ఇంటి నంబర్లు చూసినవాళ్లకు ఆ పని ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. మా వైపు నంబర్లన్నీ 2-1 అని మొదలవుతాయి. తరువాత ఇంకో అంకె, దాని కింద బై, ఆ బై కింద మళ్లీ బై. అన్నదమ్ములు స్థలం పంచుకున్నప్పుడల్లా ఒక బై చేరుతుంది. మా ఎదురింటి నంబరుకూ మా నంబరుకూ ఏ పొంతనా ఉండేది కాదు. అయినా ఏనాడూ మా ఉత్తరం ఒకటి పక్కింట్లో పడలేదు.

మా పోస్టుమాన్‌కు తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడూ చదవడం వచ్చు. ఏ లిపిలో చిరునామా ఉన్నా సైకిలు దిగకుండానే చదివేవాడు. ఈ నగరానికి అది కొత్త కాదు. నిజాం కాలంలో హైదరాబాదు రాజ్యానికి సొంత తపాలా ఉండేది. మొదటి బిళ్లలు 1869లో వచ్చాయి. ఆ తరువాత వచ్చిన బిళ్లల్లో చాలావాటి మీద ఉర్దూ, ఇంగ్లిష్, తెలుగు, మరాఠీ నాలుగు లిపులూ కనిపిస్తాయి. 1931 వరసలో చార్మినార్ బొమ్మ కూడా ఉంది. ఆదివారాలు ఆబిడ్స్‌లో పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ ఒక పెద్దాయన అట్టపెట్టెలో ఈ బిళ్లలు పెట్టుకుని కూర్చునేవాడు. వేలి గోరంత జాగాలో తెలుగు అక్షరం చూసి నాకు పట్టలేని సంతోషం కలిగింది. కొనే డబ్బు లేదని తెలిసి కూడా ఆయన భూతద్దం చేతికిచ్చి చూడమన్నాడు.

వెనక వాటాలో ఒక అవ్వ ఉండేది. నల్లగొండ జిల్లాలోని పల్లె నుంచి వచ్చి కూతురి దగ్గర ఉంటోంది. కొడుకు భివండిలో మరమగ్గాల మీద పని. అప్పట్లో మన నేతపనివాళ్లు ఎంతమంది అలా భివండికి, షోలాపూర్‌కు, సూరత్‌కు వెళ్లిపోయారో! అవ్వకు చదువు రాదు, కూతురికీ రాదు. నేను ఆరో తరగతికి వచ్చినప్పటి నుంచి అవ్వ ఉత్తరాలు నేనే రాసేదాన్ని.

ఇన్లాండు లెటరు తెచ్చి నా ముందు పెట్టి, తను గోడకు ఆనుకుని కూర్చుని, వక్క నోట్లో వేసుకుని మొదలుపెట్టేది. పైన శ్రీరామ అని రాశానో లేదో ముందు చూసుకునేది. చదవడం రాకపోయినా ఆ మూడక్షరాలు ఉండవలసిన చోటు ఆమెకు తెలుసు. తరువాత "చిరంజీవి అబ్బాయిని ఆశీర్వదించి మీ అమ్మ వ్రాయించునది ఏమనగా, ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ నీ క్షేమసమాచారాలకు జాబు వ్రాయగలవు" అని నడిచేది. ఈ వరసలు నేను ఆమె చెప్పకముందే రాసేసినా ఒప్పుకునేది కాదు. ఆమె నోటితో అన్నాకే రాయాలి. ఆ మాటలు వల్లె వేసినట్టు ఉంటాయని ఇప్పుడు అనుకుంటారేమో. ఆమె మాత్రం ఒక్కొక్క మాటా ఆగి, నిజంగా ఆశీర్వదిస్తూ పలికేది.

అక్కడి నుంచి వానలు, ఊళ్లో పోయినవాళ్లు, పుట్టినవాళ్లు, మనవరాలికి వచ్చిన పళ్లు, మేక ఈనడం. డబ్బు ఊసు ఎక్కడా ఉండదు. చివర మాత్రం "నాకేమీ తక్కువ లేదు, నా గురించి బెంగపడవద్దు" అని రాయించేది. కొన్నాళ్లకు నాకు అర్థమైంది, ఆ వాక్యం వచ్చిన ఉత్తరం వెళ్లిన తరువాతే మనియార్డరు వస్తుందని. కొడుక్కూ ఆ సంగతి తెలుసన్నమాట. తల్లి అడగకుండానే అడిగింది, కొడుకు విననట్టే విన్నాడు. మధ్యలో ఆ ఉత్తరం రాసిన చేయి నాది. ఇప్పటికీ నాకు ఎవరైనా "ఏమీ తక్కువ లేదు" అంటే చెవి నిక్కబొడుచుకుంటుంది.

కాగితం మూడు మడతలూ నిండాక కూడా అవ్వకు చెప్పవలసింది మిగిలి ఉండేది. అంచుల వెంబడి నిలువుగా రాసేదాన్ని. ఆపైన మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాలి.

మనియార్డరు వచ్చిన రోజు పోస్టుమాన్ గేటు దగ్గరి నుంచే "అవ్వా, భివండి!" అని కేకేసేవాడు. నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టి, వేలిముద్ర తీసుకుని, సాక్షి సంతకానికి మా అమ్మను పిలిచేవాడు. ఫారం అడుగున కబురు రాయడానికి కాస్త చోటు ఉండేది. రెండు వాక్యాలకు మించి పట్టదు. అవ్వ దాన్ని రెండోసారి చదవమనేది. ఆయన సైకిలు ఎండలో ఉన్నా, సంచిలో ఇంకా సగం ఉత్తరాలు ఉన్నా, రెండోసారి కూడా మొదటిసారి చదివినంత నెమ్మదిగా చదివేవాడు.

అదే మనిషి, చావు కబురు మోసుకొచ్చిన రోజు కేకేయడు. కార్డు మీద రాసింది దాచడానికి వీల్లేదు, మూలల్లో నల్ల సిరా పూసి ఉంటుంది. కార్డు జేబులో పెట్టుకుని, ఎవరింటికి వచ్చిందో ఆ ఇంట్లో కాస్త గట్టి మనిషి ఎవరున్నారో చూసుకుని, పక్కకు పిలిచి చెప్పి, అప్పుడు చేతికిచ్చేవాడు. అలాంటి కార్డు చదివాక చింపేయడం ఆనవాయితీ కనుక ఇంట్లో ఏదీ మిగలలేదు. మా తాతయ్య పోయిన కబురు మాకు అలాగే వచ్చింది. ఆ రోజు నాన్న ఇంట్లో లేరు. పోస్టుమాన్ అమ్మకు చెప్పలేదు. నాన్న ఆఫీసు సైఫాబాదులో. అంత దూరం సైకిలు మీద వెళ్లి అక్కడే చెప్పి వచ్చాడని తరువాత తెలిసింది. ఏ నియమావళిలోనూ రాసి ఉండని పని అది. ఆ మనిషి రుణం మేము తీర్చుకోలేదు, తీరేది కూడా కాదు.

టెలిగ్రామ్ గురించి ఎక్కువ చెప్పను. తంతి అనగానే గుండె జారేది, అందరికీ తెలిసిన సంగతే. శుభాకాంక్షలకు మాత్రం అంకెలు ఉండేవి. 8 అని రాసిస్తే పెళ్లి శుభాకాంక్షల వాక్యం మొత్తం అవతల అచ్చై చేరేది. అక్క పెళ్లికి అలాంటివి కట్టగా వచ్చాయి, అన్నీ ఒకటే వాక్యం. అయినా అమ్మ అన్నింటినీ ట్రంకు పెట్టెలో దాచింది.

అక్కను విశాఖపట్నం ఇచ్చారు. అక్కడి నుంచి ఫోను కథ మొదలవుతుంది.

ఫోను ఇంటివాళ్లకే ఉండేది. నల్లటి బరువైన ఫోను, డయలుకు చిన్న తాళం. మేము కూడా దరఖాస్తు పెట్టుకున్నాం, ఏళ్ల తరబడి వరస రాలేదు. అందుకని నాన్న ఎవరికి నంబరు ఇచ్చినా పక్కన పి.పి. అని రాసేవారు. ఫోను వేరేవాళ్లది, పిలిచిపెడతారు అని దాని భావం. పెళ్లి శుభలేఖల మీద కూడా పి.పి. నంబర్లు అచ్చువేసేవారు. తన పేరు పక్కన ఇంకొకరి ఇంటి ఫోనును అంత ధైర్యంగా ముద్రించుకోగలిగిన రోజులు! పిలిచిపెడతారా అన్న అనుమానమే ఎవరికీ వచ్చేది కాదు.

ఇంటి యజమానురాలిని మేము అత్తమ్మ అనేవాళ్లం. మా కోసం ఎప్పుడు ఫోను వచ్చినా, పొయ్యి మీద ఏది ఉన్నా వదిలేసి, వెనక వాటా దాకా వచ్చి పిలిచేది ఆవిడే. మేము మాట్లాడుతున్నంతసేపూ ఆ గదిలో ఉండేది కాదు. బయట అరుగు మీద కూర్చునేది. రిసీవరు పెట్టి బయటికి రాగానే మా ముఖం వైపు చూసేది. మంచి కబురైతే ముఖం చూసే తెలుసుకునేది, చెడ్డదైతే అమ్మ చేయి పట్టుకుని కూర్చోబెట్టేది.

దూరం ఊరికి మాట్లాడాలంటే 180కి చేసి ట్రంకాల్ బుక్ చేయాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు రకాలు. తొందర పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. మూడు నిమిషాలకు ఒక లెక్క. బుక్ చేసి గంటలు గంటలు కనిపెట్టుకుని కూర్చోవాలి. లైను కలిశాక సగం మాటలు వినిపించవు. అక్క అటు నుంచి అరుస్తోంది, అమ్మ ఇటు నుంచి అరుస్తోంది, ఒకరిది ఒకరికి అందడం లేదు. ఒకసారి మధ్యలో ఉన్న ఆపరేటరు కలగజేసుకుని, "మీ అమ్మాయి ఆదివారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు వస్తోందట, స్టేషనుకు ఎవరినైనా పంపమంటోంది" అని తనే చెప్పింది. ఎవరో మాకు తెలియదు, ముఖం చూడలేదు. అమ్మ ఆ రోజంతా ఆ గొంతును దీవిస్తూనే ఉంది.

అక్క కాన్పు కబురు తెల్లవారుజామున వచ్చింది. అత్తమ్మ మమ్మల్ని ఫోను దగ్గరికి పిలవలేదు, లైను కట్ అయిపోయిందట. గుప్పిట్లో పంచదార పట్టుకొచ్చి, నిద్ర కళ్లతో తలుపు తీసిన అమ్మ నోట్లో పోసి, ఆ తరువాత చెప్పింది మగపిల్లాడని. ఆ పిల్లాడికి ఇప్పుడు నలభై దాటాయి.

మా సందు చివర ఒక ఖాలా ఉండేవారు. ఉర్దూలో ఖాలా అంటే పిన్ని. ఆమె కొడుకు జిద్దాలో డ్రైవరు. ఉత్తరాలకన్నా వాళ్ల ఇంట్లో క్యాసెట్లు ఎక్కువ నడిచేవి. కొడుకు పంపిన టేప్ రికార్డరు ముందు కూర్చుని, అరవై నిమిషాల క్యాసెట్టు పెట్టి, ఇంటిల్లిపాదీ ఒకరి తరువాత ఒకరు మాట్లాడేవారు. అరగంటకు ఒక వైపు అయిపోతుంది, తిప్పి వేయాలి. ఆ అబ్బాయి మాతో కలిసి పెరిగినవాడే కనుక ఖాలా మమ్మల్నీ పిలిచి మాట్లాడమనేవారు. మేము తెలుగులో చెప్పేవాళ్లం. మధ్యలో కుక్కరు కూత పడేది, మసీదు నుంచి అజాన్ పడేది, ఉల్లిగడ్డల బండివాడి కేక పడేది. ఇవి పడినప్పుడల్లా మేము ఆపబోతే ఖాలా చేయి అడ్డం పెట్టేవారు. తిరుగు క్యాసెట్టులో ఆ అబ్బాయి అడిగాడు, ఉల్లిగడ్డలాయనకు జలుబు చేసిందా, గొంతు మారిందేమిటి అని.

ఆ క్యాసెట్లు చేరేదెలా? ఎవరో ఒకరు సెలవు మీద వస్తారు, తిరిగి వెళతారు. వాళ్లు వెళుతున్నారని తెలిస్తే చాలు, నాలుగు వీధుల వాళ్లు పొట్లాలు పట్టుకుని వస్తారు. పచ్చళ్లు, మందులు, క్యాసెట్లు. ఎవరి తల్లి గొంతునో జేబులో పెట్టుకుని ఎవరి కొడుకో విమానం ఎక్కేవాడు. అక్కడికి వెళ్లాక వెతుక్కుంటూ పోయి అందజేసేవాడు. ఈ సాయానికి ఎవరూ ఎవరికీ లెక్క రాసుకోలేదు.

తరువాత పసుపు బోర్డుల కాలం వచ్చింది. 1980ల చివరి నుంచి, దూరం ఊళ్లకు నేరుగా ఫోను కలిపే ఎస్.టి.డి. బూతు లేని వీధి లేదు. మాకు ఫీవర్ ఆసుపత్రి చౌరస్తా దగ్గర ఒకటి ఉండేది. అద్దాల గదిలో నిలబడితే ఎదురుగా ఎర్ర అంకెలు రూపాయలుగా పెరుగుతుంటాయి. రాత్రి పొద్దుపోయాక పావు ధరే కనుక ఆ వేళకు వరస కట్టేవాళ్లం. అప్పట్లో హైదరాబాదు కోడ్ 0842, తరువాత 040 అయింది. బూతు నడిపే అతను పోలియో వల్ల చంకకర్రలతో నడిచేవాడు. వికలాంగులకు ఆ బూతులు ఇవ్వడంలో ప్రాధాన్యం ఉండేది. ప్రభుత్వం చేసిన మంచి పనుల్లో అది ఒకటని నేను ఇప్పటికీ అంటాను. అతనికి మా అందరి నంబర్లూ నోటికి వచ్చు. వరసలో నిలబడ్డ ముసలివాళ్లను ముందుకు పంపేవాడు. ఆసుపత్రి నుంచి పరుగున వచ్చినవాళ్లను చూడగానే వరసను ఆపి లోపలికి తోసేవాడు. డబ్బులు చాలని వాళ్లకు చీటీ రాసి, రేపు ఇవ్వమనేవాడు. రాత్రి పూట ఆసుపత్రి పక్కన అలాంటి మనిషి ఒకడున్నాడంటే ఎంతమందికి ధైర్యమో.

1995 ఆగస్టు 15న దేశంలో ఇంటర్నెట్ అందరికీ అందుబాటులోకి వచ్చింది. నాలుగేళ్లకు మా తమ్ముడు అమెరికా వెళ్లాడు. ఆ రోజుల్లో హైదరాబాదులో ఇంటికొక పిల్లవాడు అమీర్‌పేటలో కోర్సు నేర్చుకోవడం, విమానం ఎక్కడం. నాన్నకు కంప్యూటర్ తెలియదు. విద్యానగర్‌లోని ఒక నెట్ సెంటరులో ఒక కుర్రాడు ఆయన చెప్పింది చెప్పినట్టు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైపు చేసి పంపేవాడు. జవాబు వస్తే ప్రింటు తీసి ఉంచేవాడు. నాన్న ఆ కాగితం మడతపెట్టి ఇంటికి తెచ్చి, కళ్లజోడు పెట్టుకుని, కూడబలుక్కుంటూ అందరికీ చదివి వినిపించేవారు. అవ్వకు నేను చేసిన పని నాన్నకు ఆ కుర్రాడు చేశాడు.

మొబైలు వచ్చిన తొలి రోజుల్లో వచ్చే కాల్‌కు కూడా డబ్బు కట్టాలి. 2003లో ఆ బాధ పోయింది. ఆ తరువాత జరిగింది మీకందరికీ తెలుసు.

ఇప్పుడు అక్కను రోజూ చూస్తున్నాను. ఆమెకు వినికిడి తగ్గింది. వీడియో కాల్‌లో నా పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. పాత నల్ల ఫోనే ఉండి ఉంటే మేమిద్దరం ఈపాటికి మాట్లాడుకోవడం మానేసి ఉండేవాళ్లం. 2020 లాక్‌డౌన్‌లో ఆ చిన్న తెరే మాకు ప్రాణం పోసింది. అందుచేత ఫోనును తిట్టే వాళ్లతో నేను గొంతు కలపను.

అయినా ఒక మాట చెప్పాలి. మేము ఇప్పుడు కూకట్‌పల్లిలో అపార్టుమెంటులో ఉంటున్నాం. కిందటి ఏడాది ఎదురు ఫ్లాటు ఆయన తండ్రి ఊళ్లో పోయారు. ఆయనకు కబురు ఫోనులో వచ్చింది, అర్ధరాత్రి భార్యాబిడ్డలతో కారులో వెళ్లిపోయారు. దినాలు కూడా అయ్యాక, తిరిగి వచ్చి తల గుండుతో లిఫ్టులో కనబడితే మాకు తెలిసింది. మధ్య ఉన్నది పది అడుగుల వసారా. ఆ రాత్రి ఆయన ఎలా కారు నడుపుకుని వెళ్లాడో తలుచుకుంటే నాకు కడుపులో దేవినట్టయింది. పాత రోజుల్లో అయితే ఆ కబురు ఒక పోస్టుమాన్ చేతి మీదుగానో, ఒక అత్తమ్మ నోటి మీదుగానో వచ్చి ఉండేది. వాళ్లకు తెలిసిందంటే వాటాలన్నిటికీ తెలిసినట్టే, ఎవరో ఒకరు వెంట వెళ్లేవారు. కబురు నేరుగా చేరడంలో సుఖం ఉంది, ఒప్పుకుంటాను. కానీ అంత బరువైన కబురును ఒక మనిషి ఒంటరిగా అందుకోవలసి రావడం అన్యాయం. దీన్ని నేను ఎంతమందితో చెప్పినా ఆగలేకపోతున్నాను.

మా వాచ్‌మన్ భార్యది పాలమూరు జిల్లా. చదువు రాదు. బ్యాంకు నుంచి, గ్యాసు నుంచి సందేశాలు ఇంగ్లిష్‌లో వస్తాయి. ఫోను పట్టుకుని పైకి వస్తుంది. చదివి చెబుతాను. కూతురు గురుకుల పాఠశాలలో ఏడో తరగతి. అక్కడ పిల్లల దగ్గర ఫోను ఉండదు. టీచరుకు ఫోను చేస్తే ఆమె వెళ్లి ఆ అమ్మాయిని పిలుచుకొస్తారు. తల్లి ఈ చివర ఫోను చెవికి ఆనించుకుని నిలబడుతుంది. పి.పి. నంబరు ఇంకా బతికే ఉందని అప్పుడు అనిపించింది.

దసరా సెలవులకు ఆ అమ్మాయి వస్తుంది. కార్డు మా చిన్నప్పుడు 15 పైసలు, ఇప్పుడు 50 పైసలు. ఒక కట్ట కొని, మా చిరునామా ముందే రాసి ఆ అమ్మాయి చేతిలో పెట్టాలనుకుంటున్నాను. చదివి వినిపించడానికి నేనెలాగూ ఉన్నాను. మా పోస్టాఫీసులో కార్డులు ఉన్నాయో లేవో సోమవారం వెళ్లి అడగాలి. మా వీధికి వచ్చే పోస్టుమాన్ ఎవరో కూడా అప్పుడే కనుక్కుని వస్తాను.